డూప్లెక్స్ స్టీల్ హీట్ ట్రీట్‌మెంట్‌లో పెళుసు ఫేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఇప్పుడు డూప్లెక్స్ స్టెయిన్‌లెస్ స్టీల్ పని బాగా కనిపిస్తోంది. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో క్లోరైడ్ ఎక్కువ. జెడ్‌ఎల్‌డీ (వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలని) ప్లాంట్లలో ఆ నీళ్లనే ఎవాపరేటర్లలో మరిగించి చిక్కబరుస్తారు. ఆ వేడికి, ఆ ఉప్పుకి 304, 316ఎల్ అనే మామూలు స్టెయిన్‌లెస్ రకాలు గుంటలు పడతాయి, పగుళ్లిస్తాయి. అందుకే 2205 అనే డూప్లెక్స్ రకం వాడుతున్నారు. 304తో ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాట్లను దీనిమీదా చూపిస్తేనే ఇబ్బంది. ఫర్నేస్ దగ్గర నిలబడేవాళ్లు, క్వాలిటీ చూసేవాళ్లు, సరుకు కొనేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

పెళుసు ఫేజ్ అంటే అసలేంటి? స్టీల్‌లోకి ఎక్కణ్నుంచి వస్తుంది?

బయటి నుంచి ఏమీ రాదు. స్టీల్‌లో ఉన్న ఇనుము, క్రోమియం, మాలిబ్డినమే కూడబలుక్కుని కొత్త నిర్మాణం కట్టుకుంటాయి.

2205లో సుమారు సగం ఫెరైట్, సగం ఆస్టెనైట్ ఉంటాయి. ఇవి పరమాణువుల రెండు వేర్వేరు అమరికలు, అంటే ఫేజ్‌లు. క్రోమియం 22 శాతం, మాలిబ్డినం 3 శాతం, నికెల్ 5 శాతం పైచిలుకు. ఈ లోహం 600 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య కొంతసేపు ఉంటే ఫెరైట్ నిలకడగా ఉండలేదు. విడిపోయి కొంత సిగ్మా అనే పెళుసు ఫేజ్‌గా, కొంత రెండో విడత ఆస్టెనైట్‌గా మారుతుంది. మామూలు స్టీల్ వంగేది లోపల పరమాణు పొరలు ఒకదానిమీద ఒకటి జారడం వల్ల. సిగ్మాలో ఒక్కో యూనిట్ సెల్‌లో 30 పరమాణువులు ఇరుక్కుని ఉంటాయి, పొరలు జారే దారి ఉండదు. దెబ్బ తగిలితే వంగకుండా పగులుతుంది.

సిగ్మాకు ముందుగా చాలాసార్లు కై అనే ఇంకో ఫేజ్ వస్తుంది. అందులో మాలిబ్డినం ఇంకా ఎక్కువ. తర్వాత సిగ్మా పెరుగుతూ దాన్ని కలిపేసుకుంటుంది. ఇవి కాక క్రోమియం నైట్రైడ్‌లు కూడా ఉంటాయి. షాపులో అందరూ కలిపి సిగ్మా అనేస్తారు. పని జరగడానికి ఆ మాట చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. బెయిన్, గ్రిఫిత్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇనుము, క్రోమియం, నికెల్ మిశ్రమాల్లో ఈ పెళుసు పదార్థాన్ని గుర్తించి 1927లోనే రాశారు.

దానివల్ల పగలడం ఒక్కటేనా నష్టం?

రెండో నష్టం ఇంకా పెద్దది, ముఖ్యంగా మన ఫార్మా ప్లాంట్లకు. సిగ్మా ఎక్కడ కూర్చుంటే అక్కడ చుట్టుపక్కల ఉన్న క్రోమియం, మాలిబ్డినం లాగేసుకుంటుంది. దాన్ని ఆనుకున్న సన్నని పట్టీలో ఆ రెండూ తగ్గిపోతాయి. క్లోరైడ్ నీళ్లు సరిగ్గా ఆ పట్టీనే పట్టుకుని పిట్టింగ్ (గుంటలు పడటం) మొదలుపెడతాయి. 316ఎల్ తట్టుకోలేదని ఎక్కువ డబ్బు పెట్టి 2205 కొన్న మనిషికి చివరికి 316ఎల్ పాటి మన్నిక కూడా దక్కకపోవచ్చు.

ఫెరైట్‌లోనే ఎందుకు వస్తుంది?

క్రోమియం, మాలిబ్డినం ఎక్కువగా చేరేది ఫెరైట్‌లోనే. పైగా ఆ ఉష్ణోగ్రతల్లో ఫెరైట్ గుండా పరమాణువులు ఆస్టెనైట్‌లో కంటే సుమారు వందరెట్లు వేగంగా కదులుతాయి. సరుకూ అక్కడే, దారీ అక్కడే. ఫెరైట్, ఆస్టెనైట్ కలిసే సరిహద్దుల్లో మొదలై ఫెరైట్ లోపలికి పాకుతుంది.

"316ఎల్‌లో కార్బన్ తక్కువ, భయం లేదంటారు. డూప్లెక్స్‌లోనూ కార్బన్ 0.03 లోపే కదా సార్, ఇంకేం టెన్షన్?"

నేను ఎక్కువగా వినే మాట ఇదే. 304ని వేడి చేస్తే వచ్చే సెన్సిటైజేషన్ వేరు, ఇది వేరు. సెన్సిటైజేషన్‌లో క్రోమియం కార్బైడ్ ఏర్పడుతుంది, దానికి కార్బన్ కావాలి. అందుకే ఎల్ గ్రేడ్‌లు పనికొచ్చాయి. సిగ్మాకు కార్బన్‌తో పని లేదు. కార్బన్ సున్నా అయినా క్రోమియం, మాలిబ్డినం ఉన్నంతవరకు అది వస్తుంది.

సిగ్మాను ఆలస్యం చేసేది నైట్రోజన్. కొనేటప్పుడు 2205కి ఉన్న రెండు గ్రేడ్ నంబర్లలో ఎస్31803 అని ఊరుకోకుండా ఎస్32205 అడగమని చెప్పడానికి కారణం ఇదే. మొదటిదానిలో నైట్రోజన్ 0.08 శాతం ఉన్నా చెల్లుతుంది. రెండోదానిలో కనీసం 0.14 ఉండాలి. ఎక్కువ ప్లేట్లకు రెండు పేర్లూ కలిపే సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి ఇందులో పెద్ద ఇబ్బంది కూడా లేదు. టీసీ (టెస్ట్ సర్టిఫికెట్)లో నైట్రోజన్ అంకె మీద మాత్రం ఒకసారి వేలు పెట్టి చూడండి.

ఎంత సేపట్లో వస్తుంది?

నిమిషాల్లో. అతి వేగంగా ఏర్పడేది 850 నుంచి 900 డిగ్రీల దగ్గర. సూపర్ డూప్లెక్స్ (క్రోమియం, మాలిబ్డినం ఇంకా ఎక్కువున్న రకం) అయితే ఆ ఉష్ణోగ్రతలో కొద్ది నిమిషాలకే హాని మొదలవుతుంది. 2205 ఇంకాస్త ఓర్చుకుంటుంది, అయినా దాని లెక్క కూడా నిమిషాల్లోనే, గంటల్లో కాదు.

సొల్యూషన్ ఎనీలింగ్ ఎంత ఉష్ణోగ్రతలో, ఎంత సేపు చేయాలి?

ఈ పెళుసు ఫేజ్‌లు కరిగేలా వేడి చేసి వెంటనే నీళ్లలో చల్లార్చడమే సొల్యూషన్ ఎనీలింగ్. 2205కి 1020 నుంచి 1100 డిగ్రీలు, 2507 అనే సూపర్ డూప్లెక్స్‌కి 1025 నుంచి 1125 డిగ్రీలు అని పైపుల ప్రమాణాల్లో ఉంటుంది. మీ సరుకు ప్లేటా, ఫోర్జింగా, కాస్టింగా అన్నదాన్ని బట్టి వర్తించే ప్రమాణం తెరిచి చూసుకోండి. కింది హద్దును ఆనుకుని పెట్టవద్దని నా సలహా. ఫర్నేస్‌లో ఒక మూల 20 డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) 1025 చూపిస్తుంటే ఆ మూలలో ఉన్న ఫ్లాంజ్‌లో సిగ్మా కరగకుండా మిగిలిపోవచ్చు.

అలాగని విచ్చలవిడిగా పెంచకూడదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఫెరైట్ శాతం పెరుగుతుంది, గ్రెయిన్ (లోపలి స్ఫటిక రేణువు) ముతకబారుతుంది. ఫెరైట్‌లో కరిగిన నైట్రోజన్ చల్లారేటప్పుడు బయటపడే సమయం లేక అక్కడే నైట్రైడ్‌గా మారుతుంది. అదీ పెళుసే.

సోకింగ్ (ఆ ఉష్ణోగ్రతలో పట్టి ఉంచడం) సమయం ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఫర్నేస్ గాలి ఉష్ణోగ్రత చేరగానే గడియారం మొదలుపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. చార్ట్ మీద గీత అందంగా పడుతుంది. లోపల మందపాటి ముక్క గుండె మాత్రం ఇంకా 900 దగ్గరే ఉంటుంది, అంటే సిగ్మా పుట్టే చోటే. థర్మోకపుల్‌ను ముక్కకే తగిలించండి, అన్నిటికంటే మందమైన ముక్కకు. అది ఉష్ణోగ్రత చేరిన తర్వాతే సమయం లెక్క. బుట్టలో ఒకదానిమీద ఒకటి పేర్చిన సరుకు ఒకే దిమ్మ లెక్క అని గుర్తుంచుకోండి. మధ్యలో సందు లేకపోతే వేడీ వెళ్లదు, తర్వాత నీళ్లూ వెళ్లవు.

ఫర్నేస్ తలుపు తెరిచాక నీళ్లలోకి ఎంత సేపట్లో వెళ్లాలి?

ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా. డూప్లెక్స్ భవిష్యత్తు తేలేది ఈ కాసేపట్లోనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

తలుపు లేచినప్పుడు ముక్క నారింజ రంగులో మెరుస్తూ ఉంటుంది. క్రేన్ హుక్ బుట్టకు తగిలించాలి, బుట్ట పైకి లేవాలి, షెడ్డులో అటు నడవాలి, ట్యాంకు మీద ఆగాలి, దిగాలి. ఈలోగా అంచులు చూడండి. పలుచని చోట, ఫ్లాంజ్ పెదవి దగ్గర, రంగు నారింజ నుంచి ఎరుపుకు దిగుతుంది. ముదురు ఎరుపు కనిపించిందంటే అక్కడ ఉపరితలం 800కో, ఇంకా కిందికో దిగిపోయింది. అంటే నీళ్లు తగలకముందే ఆ అంచు ప్రమాదకరమైన మెట్లన్నీ గాలిలోనే దిగుతోంది. పలుచని ప్లేట్లలో, ట్యూబుల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. హుక్ ఒకసారి తప్పి, మళ్లీ తగిలించి, ట్యాంకుకు అడ్డంగా ఉన్న ట్రాలీని ఎవరో పక్కకు లాగేదాకా ఆగితే, ఆ తర్వాత ఎంత చల్లని నీళ్లున్నా జరిగిన నష్టం పోదు.

కాబట్టి ట్యాంకు ఫర్నేస్ ఎదురుగా ఉండాలి. వేడి లేకుండా ఒకసారి మొత్తం కదలికను రిహార్సల్ చేయండి. ఫోన్‌లో టైమర్ పెట్టి, తలుపు కదిలినప్పటి నుంచి ముక్క పూర్తిగా మునిగే వరకు కొలవండి. ఆ సమయాన్ని చార్ట్ పక్కన రాసి సంతకం పెట్టండి. నిమిషం లోపు అవ్వాలని నేను పట్టుబడతాను. పలుచని సరుకైతే అదీ ఎక్కువే.

మునిగాక గుండె భాగం సంగతి. స్టెయిన్‌లెస్ వేడిని బయటికి వదలడంలో బద్ధకం, కార్బన్ స్టీల్‌తో పోలిస్తే మూడో వంతే. 20 మిల్లీమీటర్ల ప్లేటు ఇబ్బంది పెట్టదు. 150 మిల్లీమీటర్ల ఫోర్జింగ్‌లో పైపొర చల్లారినా మధ్యభాగం నెమ్మదిగా దిగుతుంది. నీళ్లు ఎంత కలియబెట్టినా దానికొక హద్దు ఉంది. అందుకే మందపాటి వాటికి వీలైతే ముందే రఫ్ మెషినింగ్ చేసి, బోర్ తీసి, ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపమంటాను. బోర్ గుండా నీళ్లు పారితే లోపలి నుంచి కూడా చల్లారుతుంది.

మే నెలలో ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి. ఫర్వాలేదా?

మొదటి లోడుకు ఫర్వాలేకపోవచ్చు, మూడో లోడుకు కాదు. ఎండకు ముందే వేడెక్కిన నీళ్లలో టన్ను బరువున్న ఎర్రటి స్టీల్ దించితే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో లెక్క వేసుకోండి. నీళ్లు మరీ వేడెక్కితే ముక్క చుట్టూ ఆవిరి పొర అంటుకుని ఉండిపోతుంది, అది దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. క్వెంచ్‌కు (నీళ్లలో ముంచి చల్లార్చడానికి) ముందు 35 డిగ్రీలు, తర్వాత 50 దాటకుండా చూసుకోమని నేను చెప్పే లెక్క. కూలింగ్ టవర్‌కు పంపు పెట్టి నీళ్లు తిప్పండి. ట్యాంకర్ నీళ్లకు డబ్బవుతుందని చిన్న ట్యాంకుతో సరిపెట్టుకోవడం చివరికి చాలా ఖరీదవుతుంది.

సోకింగ్ మధ్యలో కరెంటు పోతే?

తలుపు మూసి ఉన్న ఫర్నేస్‌లో సరుకు మెల్లగా 900, 850, 800 అంటూ దిగుతుంది. సిగ్మా పెంచడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కరెంటు రాగానే మిగిలిన సమయం మాత్రం పూర్తి చేసి తీసేయకండి. ముక్క మళ్లీ పూర్తి ఉష్ణోగ్రతకు చేరాక సోకింగ్ మొదటి నుంచి చేయండి. ఏం జరిగిందో చార్ట్ మీద రాయండి. దాచిపెడితే రేపు ముక్క పగిలినప్పుడు కారణం ఎవరికీ దొరకదు.

హార్డ్‌నెస్ పాసైంది, పీఎంఐ పాసైంది, యూటీ పాసైంది. ఇంకేం అనుమానం?

ఈ మూడూ సిగ్మాను పట్టుకోలేవు. పీఎంఐ గన్ చూసేది రసాయన మిశ్రమాన్ని, సిగ్మా వచ్చినా మొత్తం మిశ్రమం మారదు. అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ పగుళ్లనూ రంధ్రాలనూ వెతుకుతాయి. హార్డ్‌నెస్ సంగతి మరీ మోసం. 2205 ప్లేటుకు 293 బ్రినెల్ వరకు అనుమతి ఉంది. దెబ్బకు తట్టుకునే శక్తిని సగానికి పైగా తీసేసేంత సిగ్మా ఉన్నా హార్డ్‌నెస్ ఆ హద్దులోనే హాయిగా ఉంటుంది. అది హద్దు దాటేసరికి సిగ్మా ఎప్పుడో ముదిరిపోయి ఉంటుంది.

ఫెరైట్ మీటర్ కొంచెం సూచన ఇస్తుంది. సిగ్మాకు అయస్కాంత గుణం లేదు కాబట్టి ఫెరైట్ తగ్గినట్టు కనిపిస్తుంది. ఇదే సరుకు 48 చూపించేది ఇప్పుడు 30 చూపిస్తే ఆగి ఆలోచించండి. రెండు మూడు శాతం సిగ్మాను మాత్రం ఆ మీటర్ తేడా పట్టలేదు.

మరి ఏ పరీక్ష చేయించాలి?

ఏఎస్‌టీఎం ఏ923. ఈ పనికోసమే రాసిన ప్రమాణం. అందులో మూడు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, ‘ఏ’ (A) పద్ధతి, మైక్రోస్కోప్‌ది. నున్నగా పాలిష్ చేసిన నమూనాను కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి, ఒకటి నుంచి మూడు వోల్టుల కరెంటు కొన్ని సెకన్లు ఇస్తారు. తీసి కడిగి లెన్స్ కింద పెడితే ఫెరైట్ లేత గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆస్టెనైట్ తెల్లగా ఉండిపోతుంది. మంచి సరుకులో ఆ రెండిటి మధ్య సరిహద్దు గీత నున్నగా, శుభ్రంగా ఉంటుంది. సిగ్మా ఉంటే ఆ గీత వెంబడి ముదురు రంగు గడ్డలు వరసగా కనిపిస్తాయి. తక్కువగా ఉన్నప్పుడు గడ్డలు కనిపించవు, గీతే అలలు అలలుగా వంకరపోతుంది. కొత్తవాళ్లు వదిలేసేది ఈ వంకర గీతనే. ల్యాబ్ ఫొటో పంపితే 400 లేదా 500 రెట్లు పెంచిన ఫొటో అడగండి. నమూనా మందం మధ్య నుంచి తీశారో, పైపొర నుంచి తీశారో కూడా అడగండి. సిగ్మా ఎక్కువగా దాక్కునేది గుండె దగ్గరే.

ఈ ‘ఏ’ (A) పద్ధతిలో నిర్మాణం శుభ్రంగా కనిపిస్తే సరుకు అంగీకరించవచ్చు. అనుమానంగా ఉంటే దాని ఒక్కదాన్ని బట్టి తిరస్కరించకూడదు, మిగతా రెండిటిలో ఒకదానికి వెళ్లాలి.

బీ పద్ధతి చార్పీ: గాటు పెట్టిన నమూనాను సుత్తితో కొట్టి, విరగడానికి ఎంత శక్తి పట్టిందో చూస్తారు. 2205 మూల లోహానికి మైనస్ 40 డిగ్రీల దగ్గర కనీసం 54 జౌల్స్ రావాలి, వెల్డ్ లోహానికి 34. సీ పద్ధతిలో నమూనాను ఫెర్రిక్ క్లోరైడ్‌లో 24 గంటలు ముంచి ఎంత బరువు పోయిందో చూస్తారు. 2205 మూల లోహానికి 25 డిగ్రీలు, వెల్డ్‌కి 22 డిగ్రీలు. క్లోరైడ్ ఉన్న సర్వీసుకు వెళ్లే సరుకైతే నేను సీ పద్ధతి తప్పనిసరి అంటాను, ఎందుకంటే ప్లాంటులో జరగబోయేదానికి అది అన్నిటికంటే దగ్గర.

చార్పీ గది ఉష్ణోగ్రతలోనే చేస్తే చాలదా? చల్లబరచడం ఖర్చు.

చాలదు. మంచి 2205 గది ఉష్ణోగ్రతలో చాలా ఎక్కువ శక్తి పీల్చుకుంటుంది. కొంత సిగ్మా ఉన్నా అంకె బాగానే కనిపించి మోసం చేస్తుంది. మైనస్ 40 దగ్గర తేడా బయటపడుతుంది. విరిగిన ముక్కల్ని మీరే చేతిలోకి తీసుకుని చూడండి. మంచిదైతే అంచులు సాగి, ఒళ్లు బూడిద రంగులో పీచుపీచుగా ఉంటుంది. చాలాసార్లు పూర్తిగా తెగను కూడా తెగదు. సిగ్మా పట్టినదైతే తేటగా, చదునుగా తెగి, తళుకుతళుకుమంటుంది.

సిగ్మా ఉందని తేలింది. ముక్క పారేయాలా?

అక్కర్లేదు. మళ్లీ పూర్తి సొల్యూషన్ ఎనీలింగ్ చేసి వేగంగా క్వెంచ్ చేస్తే సిగ్మా కరిగిపోతుంది. గుణాలు తిరిగి వస్తాయి. తర్వాత పరీక్ష మళ్లీ చేయించాలి. మెషినింగ్ అయిపోయిన ముక్క వంకరపోవచ్చు, స్కేల్ (ఆక్సైడ్ పొర) పడుతుంది, పిక్లింగ్ (యాసిడ్‌తో శుభ్రం చేయడం) కావాలి. 2209 ఫిల్లర్ (వెల్డింగ్‌లో కరిగించి నింపే లోహం)తో చేసిన వెల్డ్ ఉంటే ఇంకో మాట. అందులో నికెల్ ఎక్కువ కాబట్టి సిగ్మా ఇంకా పై ఉష్ణోగ్రత దాకా నిలబడుతుంది. ప్లేటుకు సరిపోయిన వేడి వెల్డ్‌కు సరిపోకపోవచ్చు.

పగుళ్లు వచ్చేస్తే మాత్రం ఏ ఫర్నేస్ అతకదు.

వెల్డింగ్‌లో ఏం చూసుకోవాలి?

ఇంటర్‌పాస్ ఉష్ణోగ్రత (ఒక వెల్డ్ పొర మీద తర్వాతి పొర వేసే ముందు ఉండే వేడి) 2205కి 150 డిగ్రీలు, సూపర్ డూప్లెక్స్‌కి 100 దాటకూడదు. హీట్ ఇన్‌పుట్ 2205కి మిల్లీమీటరుకు అర కిలోజౌల్ నుంచి రెండున్నర కిలోజౌల్ మధ్య ఉంచండి. మరీ తక్కువైనా చెడే, వెల్డ్ పక్కన ఫెరైట్ పెరిగిపోయి నైట్రైడ్‌లు వస్తాయి. ఎక్కువసార్లు రిపేర్ చేసిన జాయింట్‌ను నేను ప్రత్యేకంగా చూస్తాను, ప్రతి రిపేరూ అదే చోటును మళ్లీ ఆ ప్రమాదకర వేడి గుండా తీసుకెళ్తుంది.

కార్బన్ స్టీల్ వెజల్‌కు డూప్లెక్స్ నాజిల్ ఉంది. స్ట్రెస్ రిలీవింగ్ చేయొచ్చా?

వద్దు. స్ట్రెస్ రిలీవింగ్ అంటే లోపలి ఒత్తిడి తగ్గించడానికి కార్బన్ స్టీల్‌కు 600 నుంచి 650 డిగ్రీలు పెట్టి గంటల తరబడి ఉంచుతారు. డూప్లెక్స్‌కు అది నేరుగా విషం. వెజల్‌కు అది తప్పదంటే ముందు కార్బన్ స్టీల్ వైపు బటరింగ్ (అంచు మీద వెల్డ్ లోహం పొర వేయడం) చేసి, స్ట్రెస్ రిలీవింగ్ ముగించి, డూప్లెక్స్ జాయింట్ ఆ తర్వాత వేసేలా డిజైన్ దశలోనే వరస మార్చాలి. షాపులో ఆఖరి రోజు ఆలోచిస్తే దారి ఉండదు.

డిష్ ఎండ్ (వెజల్ చివర ఉబ్బెత్తు మూత) కొంచెం ఓవల్ అయింది. గ్యాస్ టార్చ్ పెట్టి సరిచేయొచ్చా?

వద్దే వద్దు. టార్చ్ కింద ఎంత వేడి వచ్చిందో ఎవరికీ లెక్క ఉండదు. వేడిగా నొక్కిన డిష్‌కైతే నొక్కిన తర్వాత పూర్తి సొల్యూషన్ ఎనీలింగ్, వాటర్ క్వెంచ్ జరగాల్సిందే.

475 డిగ్రీల సమస్య అంటారు, అది వేరేదా?

వేరేదే. సుమారు 300 నుంచి 525 డిగ్రీల మధ్య ఫెరైట్ క్రోమియం ఎక్కువ ఉన్న భాగంగా, తక్కువ ఉన్న భాగంగా అతి సూక్ష్మంగా చీలిపోతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించదు. 475 దగ్గర వేగం ఎక్కువ, కింది ఉష్ణోగ్రతల్లో నెలలు, ఏళ్లు పడుతుంది. డూప్లెక్స్ పరికరాలను 315 డిగ్రీల పైన నడపవద్దనేది ఇందుకే. ఏ923 దీన్ని పట్టుకోవడానికి రాసినది కాదు.

లీన్ డూప్లెక్స్ వాడితే ఈ గొడవ ఉండదా?

తగ్గుతుంది. 2101 లాంటి వాటిలో మాలిబ్డినం చాలా తక్కువ, సిగ్మా బాగా ఆలస్యంగా వస్తుంది. నైట్రైడ్‌ల బెడద మాత్రం ఉంటుంది, దానికి ఏ1084 అనే వేరే ప్రమాణం ఉంది. క్లోరైడ్ తట్టుకోవడంలో 2205తో సమానం అనుకోకండి.

కాస్టింగ్ రైజర్ (పోతలో అదనంగా మిగిలే దిమ్మ) కొడుతుంటే కాస్టింగే పగిలింది. ఎందుకు?

ఇసుక అచ్చులో గంటల తరబడి చల్లారిన సూపర్ డూప్లెక్స్ కాస్టింగ్ నిండా సిగ్మాయే ఉంటుంది. ఆ స్థితిలో సుత్తి దెబ్బ వేయకూడదు. సొల్యూషన్ ట్రీట్‌మెంట్ అయ్యాక కోయండి. కోసిన చోట మళ్లీ వేడి తగులుతుంది కాబట్టి కొంత మందం వదిలి, మిగతాది గ్రైండ్ చేయండి.

కొనేటప్పుడు పర్చేజ్ ఆర్డర్‌లో ఏం రాయాలి?

"డూప్లెక్స్ 2205, టీసీతో" అని రాస్తే సరఫరాదారు బాధ్యత అక్కడితో అయిపోతుంది. ఎస్32205 అని రాయండి. సొల్యూషన్ ఎనీలింగ్ చేసి వాటర్ క్వెంచ్ చేసినట్టు, ముక్కకు తగిలించిన థర్మోకపుల్ చార్ట్‌తో సహా ఇవ్వాలని రాయండి. ఏ923లోని ‘ఏ’ (A) పద్ధతితో పాటు సీ పద్ధతి కూడా చేయాలని, నమూనా ఆ హీట్ ట్రీట్‌మెంట్ లోడులోనే ఉన్న, అంతే మందమున్న కూపన్ (పరీక్ష ముక్క) మధ్య నుంచి తీయాలని రాయండి. విడిగా సన్నని కూపన్ పెట్టి దాన్నే పరీక్షకు పంపడం చాలాచోట్ల జరుగుతోంది. అది ఎప్పుడూ పాసవుతుంది, ఎందుకంటే సన్నని ముక్క సరిగ్గానే చల్లారుతుంది. కూపన్‌కు ట్రీట్‌మెంట్‌కు ముందే మీ ఇన్‌స్పెక్టర్ చేత పంచ్ వేయించండి. మిగిలిన సగం ముక్కను పరికరం సర్వీసులో ఉన్నంతకాలం మీ దగ్గరే ఉంచుకోండి.